ఇంట్లో మనిషి పోయిన దుఃఖంలో తాగుడు మానడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు. తాగుడు మాని తొమ్మిదేళ్లయింది. అంతకుముందు పదిహేడేళ్లు తాగాను. మా అమ్మ పోయింది ఆ పదిహేడేళ్లలోనే. కొరివి పెట్టింది నేనే. భుజాన కుండ పెట్టుకుని తిరిగినట్టు లీలగా గుర్తుంది, అంతే. పెద్దకర్మ అసలు గుర్తు లేదు. ఆ పదకొండు రోజుల్లో నేను తాగని పూట లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మా పల్లెలకూ పాకినప్పుడు, కొంగు నడుముకు బిగించి సారా కొట్టు ముందు బైఠాయించిన మనిషి మా అమ్మ. ఆమె కొడుకుని నేను.

ఇప్పుడు గుంటూరులోనూ విజయవాడలోనూ తాగుడు మానాలనుకునేవారితో, వాళ్ల ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడుతుంటాను. వారిలో చాలామంది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారే. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను, నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. వైద్యం సంగతులు నాకు చికిత్స చేసిన మానసిక వైద్యుల దగ్గర నేర్చుకున్నవి. పేరు రాయడం లేదు, మా బృందంలో అది నియమం.

ఇంట్లో చావు జరిగాకే తాగుడు పెరిగింది. ఇది దుఃఖమా, జబ్బా?

దుఃఖంగా మొదలై జబ్బుగా మారి ఉండవచ్చు. లేదా జబ్బు ముందే ఉండి, చావు దానికి సాకు ఇచ్చి ఉండవచ్చు. నా విషయంలో జరిగింది రెండోది. ఎలా మొదలైందో తేల్చుకునేదాకా ఆగవద్దు, ముందు గుర్తులు చూసుకోండి. పొద్దున లేవగానే చేతులు వణుకుతూ, ఒక గుక్క పడితే గాని కుదుటపడటం లేదా? ఒకప్పుడు క్వార్టర్‌తో సరిపోయేది ఇప్పుడు రెండు తాగినా నిద్ర పట్టడం లేదా? ఈ రోజు తాగనని గట్టిగా అనుకున్న రోజున కూడా సాయంత్రానికి కాళ్లు షాపు వైపే నడుస్తున్నాయా? ఇలా ఉంటే వైద్యం కావలసిన దశకు వచ్చారని అర్థం.

2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి సాయం అవసరమైనంతగా తాగుడు ముదిరింది. ఇన్ని కోట్ల మందికి వచ్చిన జబ్బును మన వీధిలో మాత్రం ఇంకా ‘వాడి బుద్ధి అంతే’ అంటున్నారు. ఆ మాట నమ్మినంతకాలం ఎవరూ ఆసుపత్రి మెట్లెక్కరు.

ఈ రోజు నుంచే మానేస్తాను. ఇంట్లోనే మానవచ్చా?

ఈ జవాబు ఒక్కటి మాత్రం పూర్తిగా చదవండి. రోజూ తాగేవారు, పొద్దున్నే తాగేవారు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు, లివర్ దెబ్బతిన్నవారు, తిండి మానేసి తాగేవారు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం ఉంటుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, అలాంటివారు డాక్టరును కలిసేవరకు హఠాత్తుగా ఆపకూడదు. అయితే డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని వాయిదా వేయకూడదు, ఈ రోజే వెళ్లాలి.

శరీరంలో జరిగేది ఇది. ఏళ్ల తరబడి మద్యం మెదడును అణచి ఉంచుతుంది. ఆ బరువును తట్టుకోవడానికి మెదడు తన వేగాన్ని పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే పెంచుకున్న వేగం మాత్రం మిగిలిపోతుంది. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి చలిస్తుంది. ఉన్నచోటు తెలియదు, లేని పురుగులు, లేని మనుషులు కనిపిస్తారు. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు.

ఇక్కడ చావు ఇళ్లలో జరిగే ఒక సంగతి చెప్పాలి. తండ్రి పోయాడు, కొడుకు రోజూ తాగే మనిషి. కొరివి పెట్టవలసినవాడు కాబట్టి పెద్దవాళ్లు అతన్ని కట్టడి చేసి మందు దగ్గరికి పోనివ్వరు. మూడో రోజు చిన్నకర్మ, అస్థికలు ఏరే రోజు. సరిగ్గా ఆ రోజుకే అతను గోడ వైపు చూసి ‘నాన్న పిలుస్తున్నాడు’ అనడం మొదలుపెడతాడు. ఒళ్లంతా చెమటలు, కళ్లలో భయం. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు, పోయినవాడు ఆవహించాడనుకుంటారు. విభూతి పెట్టించి, నిమ్మకాయలు కోయించి, ఒక రాత్రంతా పోగొట్టుకున్న కుటుంబాన్ని నేను కళ్లారా చూశాను. వాళ్లు చేసింది ప్రేమతోనే. కానీ ఆ లెక్క ఆత్మది కాదు, ఆగిపోయిన మద్యానిది. దహనం నాడు తాగడం ఆపితే మూడో రోజు ఇలా అవుతుందని ముందే తెలిసి ఉంటే, వాళ్లు ఆ రాత్రే 108కి ఫోను చేసేవారు.

ఆసుపత్రిలో చేసే వైద్యం కష్టమైనది కాదు. క్లోర్‌డయాజెపాక్సైడ్, లోరాజెపామ్ వంటి మందులను కొద్దిరోజులపాటు ఇచ్చి, మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. వీటిని సొంతంగా కొని వాడకూడదు, మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. దీనితోపాటు విటమిన్ బి1 ఇంజెక్షన్లు ఇస్తారు. మన దగ్గర నీరసంగా ఉంటే ముందు వీధి చివర ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించడం అలవాటు. రోజూ తాగే మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే, ఒంట్లో మిగిలిన ఆ కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడుకు శాశ్వతంగా నష్టం జరగవచ్చు. అందుకే ఎవరి దగ్గరికి తీసుకువెళ్లినా ‘ఈయన రోజూ తాగుతారు’ అన్న మాట మొదట చెప్పండి. పరువు కోసం దాచవద్దు.

అయ్యప్ప మాల గాని భవానీ మాల గాని వేసుకుంటే సరిపోదా?

మాలను తేలిగ్గా తీసిపారేసే మనిషిని కాను. కార్తీకం వచ్చేసరికి మా పేటలో తాగే ఇళ్లలో సగం ఇళ్లు నిశ్శబ్దమవుతాయి. ఇంద్రకీలాద్రి మెట్ల మీద ఎర్రబట్టల్లో ఉన్నవాళ్లను చూసి, ఈ 41 రోజులు ఈ ఇళ్లలో పిల్లలు భయం లేకుండా నిద్రపోతారు కదా అనుకుంటాను. దీక్షలో ఉన్న బలం మామూలుది కాదు. తెల్లవారుజామున లేవడం, చన్నీటి స్నానం, పక్కన తోటి స్వాములు, ‘స్వామీ’ అని గౌరవంగా పిలిచే లోకం: తాగుడు మానే మనిషికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

కాని మూడు సంగతులున్నాయి. ఒకటి, పైన చెప్పిన ఫిట్స్, మతి చలించడం మాల వేసుకున్నా వస్తాయి. మాల వేసుకునే ముందే డాక్టరును కలవండి. గురుస్వామికి కూడా సంగతి చెప్పండి. దీక్షలో మందులు వాడితే తప్పు అవుతుందేమోనన్న సందేహం ఆయనే తీరుస్తారు.

రెండు, మాల తీసిన రోజు. 41 రోజులు ఆగినవారు 42వ రోజున పాత మోతాదే తాగుతారు. శరీరం ఆ మోతాదును మరిచిపోయి ఉంటుంది.

మూడోదాన్ని ఎవరూ ముందుగా ఆలోచించరు. దీక్షలో ఉండగా దగ్గరి రక్తసంబంధీకులు పోతే మైల కాబట్టి మాల తీసేయాలి. అంటే ఏ రోజున ఆసరా ఎక్కువ కావాలో ఆ రోజునే మాల మెడలోంచి పోతుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన, తమ్ముడి చావు కబురు విని మాల తీసి, ఆ సాయంత్రమే మూడేళ్ల తరువాత మళ్లీ తాగారు. ‘మాల లేదుగా’ అన్నారట. కాబట్టి మాలతోపాటు మాల లేని రోజుకు కూడా ఒక ఏర్పాటు ఉండాలి: ఒక డాక్టరు, ఒక బృందం, అర్ధరాత్రి ఫోను చేయగల ఒక మనిషి.

ఎక్కడికి వెళ్లాలి?

గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో, విజయవాడ ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. తాగుడుకు చూసేదీ ఆ విభాగమే. ‘పిచ్చి డాక్టరు’ అన్న మాట మనసులోంచి తీసేసి ఓపీ చీటీ రాయించుకోండి. వెళ్లే ముందు మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ నంబరు 14416. అది 2022 అక్టోబరులో మొదలైంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. మత్తు పదార్థాల వ్యసనాలకు జాతీయ సహాయ నంబరు 14446.

ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాల్లో మంచివి ఉన్నాయి, కానివీ ఉన్నాయి. చేర్చే ముందు అడగండి: మానసిక వైద్యుడు రోజూ వస్తారా, రాత్రి నర్సు ఉంటారా, ఇంట్లోవాళ్లను కలవనిస్తారా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు జబ్బుకూ వర్తిస్తుంది. గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషేధం. ఎవరైనా ‘కొడితేనే దారికి వస్తాడు’ అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మావాడు డీ-అడిక్షన్ కేంద్రంలో ఉండగా ఇంట్లో చావు జరిగింది. చెప్పాలా?

చెప్పాలి. నేను మొదటిసారి చేరిన చోట, మా పెదనాన్న పోయిన కబురు పదహారు రోజులు నాకు చెప్పలేదు. చెబితే చికిత్స చెడిపోతుందని అక్కడివాళ్లు, ఇంట్లోవాళ్లు కలిసి అనుకున్నారు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి ఆయన. బయటికి వచ్చాక గోడ మీద దండ వేసిన ఫొటో చూసి తెలుసుకున్నాను. ఆ కోపంతోనే రెండేళ్లు తాగాను. తాగడం తప్పు నాదే. కాని ఆ కోపంలో న్యాయం ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

వైద్యుడితో మాట్లాడి, దగ్గరి మనిషి ఎదురుగా కూర్చుని, తిన్నగా చెప్పండి. ‘ఒంట్లో బాగాలేదు, ఓసారి రా’ అని దారంతా అబద్ధాలు చెప్పవద్దు. వైద్యుడు సరేనంటే, తాగని మనిషిని ఒకరిని తోడు పెట్టి చివరిచూపుకు తీసుకురండి, అదే రోజు తిరిగి దిగబెట్టండి. మందుల మోతాదు, వేళలు రాయించుకోండి.

పెద్దకర్మలో మందు పోస్తారు. వెళ్లకుండా ఉండలేను. ఎలా?

అందరి ఇళ్లలో ఉండదు గాని చాలా ఇళ్లలో ఉంది. పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, పక్కన ఒక సీసా కూడా పెడతారు. భోజనాలయ్యాక మేడ మీదో పెరట్లోనో బావలు, బావమరుదులు, తోడల్లుళ్లు చేరతారు. అక్కడ తాగకపోతే పోయినవారి మీద ప్రేమ లేనట్టు మాట్లాడతారు.

నేను చెప్పేది ఇది. ముందు రోజే ఇంటి పెద్దకు ఒకరికి, మేనమామకో బాబాయికో, చాటుగా చెప్పుకోండి: ‘మామయ్యా, నేను మానాను. నా చేతికి గ్లాసు రాకుండా చూడండి.’ పెద్దవాళ్లు ఇలాంటి పని అప్పగిస్తే గట్టిగా పట్టుకుంటారు. ఆ ఒక్క మాటతో రోజంతా కాపలా దొరికినవారిని చూశాను. విస్తరి దగ్గర సీసా పెట్టే పని, మూత తీసే పని మీరు చేయవద్దు. తమ్ముడో అన్నో చేస్తాడు, శాస్త్రానికి లోటేమీ రాదు. ఆ వాసన మీ చేతికి అంటడమే ప్రమాదం. చేతిలో ఎప్పుడూ మజ్జిగ గ్లాసో సోడానో ఉంచుకోండి, ఖాళీ చేతికే ఎవరైనా గ్లాసు అందిస్తారు. ఆకలితో ఉండవద్దు. పంక్తి లేవగానే బయలుదేరండి. మేడ మెట్లు ఎక్కవద్దు.

‘ఒక్క పెగ్గు, అన్నయ్య కోసం’ అన్నవారికి పెద్ద సంజాయిషీ అక్కరలేదు. ‘నేను తాగను, డాక్టరు వద్దన్నారు’ అని రెండుసార్లు ఒకే మాట చెప్పండి. మూడోసారి అడిగితే అక్కడినుంచి లేవండి. కారణాలు చెబుతూ పోతే ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర జవాబుంటుంది.

క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడిక జరిగేటప్పుడు మందు ఉండదు గాని, పాస్టరుగారు వెళ్లాక దూరపు బంధువుల గదుల్లో ఉండవచ్చు. అక్కడా ఇదే పద్ధతి.

మానేశాక దుఃఖం ఎక్కువైంది. మానడం తప్పయిందా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నేను ఇదంతా రాస్తున్నది కూడా ముఖ్యంగా ఈ జవాబు కోసమే.

మద్యం దుఃఖాన్ని తీర్చదు, ఆపి ఉంచుతుంది. ప్రకాశం బ్యారేజీ గేట్లు దించితే నది ఆగిపోయినట్టు కనిపిస్తుంది గాని, వెనక నీరు పెరుగుతూనే ఉంటుంది. నేను మాని నలభై రోజులు దాటాక, ఒకరోజు పట్నం బజారులో చింతపండు బేరం చేస్తున్న ఒకావిడ గొంతు మా అమ్మ గొంతులా వినిపించింది. అక్కడే అరుగు మీద కూర్చుని గంటసేపు ఏడ్చాను. అప్పటికి మా అమ్మ పోయి నాలుగేళ్లు. చుట్టూ ఉన్నవాళ్లు నేను తాగానే అనుకున్నారు. నేనూ భయపడ్డాను, మతి పోతోందేమోనని. మా డాక్టరుగారు ఒకటే అన్నారు: ‘నాలుగేళ్ల కిందట ఏడవవలసింది ఇప్పుడు ఏడుస్తున్నారు. ఏడవండి.’

కాబట్టి మానిన తరువాత వచ్చే ఈ ఏడుపు జబ్బు తిరగబెట్టడం కాదు. అది అప్పుడే మొదలైన శోకం. మీ అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు అప్పుడే ఏడ్చి కొంత తేరుకుని ఉంటారు. మీకు ఇది మొదటి నెల. వాళ్లు ‘ఇన్నాళ్లకు ఇప్పుడేమిటి’ అన్నా నొచ్చుకోవద్దు, వాళ్లకు ఈ లెక్క తెలియదు.

నిద్ర సంగతి కూడా తెలుసుకోండి. మద్యం కలలు వచ్చే నిద్రను అణచివేస్తుంది. మానాక ఆ నిద్ర ఒక్కసారిగా తిరిగి వస్తుంది. పోయినవారు కలలో కనిపిస్తారు, మాట్లాడతారు, ఒక్కోసారి మనల్ని తిడతారు. తాగినట్టు కల వచ్చి, లేచాక నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని వాసన చూసుకునేవారూ ఉన్నారు. కొన్ని వారాలు, కొందరికి నెలలు ఇలా ఉంటుంది. తగ్గుతుంది. నిద్ర కోసం తాగడం మొదలుపెడితే మళ్లీ మొదటికొస్తుంది. నిద్ర మాత్రలు సొంతంగా మింగవద్దు, డాక్టరుకు చెప్పండి.

ఏడవడానికి చోటు కావాలి. మన ఇళ్లలో మగవాడు ఏడిస్తే ఊరుకోమంటారు, తాగితే మాత్రం ‘పాపం, బాధలో ఉన్నాడు’ అంటారు. ఇది తిరగబడాలి. ఏడ్చేవాణ్ణి ఏడవనివ్వండి.

నా తాగుడు వల్లే ఆమె పోయింది. ఈ పాపం ఎలా మోయాలి?

దీనికి నేను తేలికైన మాట చెప్పను. ‘అలా అనుకోవద్దు, అంతా విధి’ అనేవారు ప్రేమతోనే అంటారు, కాని మోసేవాడికి ఆ మాట ఆనదు. రెండింటిని విడదీసి చూడమంటాను. నిజంగా చేసినవి ఒకవైపు: ఆసుపత్రికి దాచిన డబ్బు తాగేశాను, పిలిచినప్పుడు పలకలేదు, చెయ్యి చేసుకున్నాను. చేయనివి ఇంకోవైపు: ఆమె క్యాన్సరు, ఆ రోజు లారీ బ్రేకు, ఆమె గుండె. దుఃఖంలో ఈ రెండూ కలిసిపోయి ఒకే రాయి అవుతాయి. కాగితం మీద రెండు వరుసల్లో రాస్తే, రెండో వరుస మీది కాదని కొంత కాలానికైనా కనిపిస్తుంది.

మొదటి వరుస మీదే. తాగుడు మానేవారి బృందం ఏ.ఏ. (ఆల్కహాలిక్స్ అనానిమస్) చెప్పే పన్నెండు మెట్లలో ఎనిమిదోది, తొమ్మిదోది దీని గురించే: ఎవరికి హాని చేశామో జాబితా రాసుకోవడం, వీలైనచోట సరిదిద్దుకోవడం. పోయినవారితో నేరుగా సరిదిద్దుకోలేం. ఆమెకు ఉత్తరం రాసి కృష్ణ ఒడ్డున చదివినవారున్నారు. ఆమె చెల్లెలికి ఉన్న అప్పు తీర్చినవారున్నారు. మా అమ్మ తులసి కోటను నేను తాగి పడి పగలగొట్టాను. అది మళ్లీ కట్టించి రోజూ నీళ్లు పోస్తున్నాను. అది చాలా అని అడిగితే చాలదు. కాని రోజూ చేయగలిగిన పని.

ఆయన తాగి తాగి పోయారు. ఏడుపు కంటే ఊరట ఎక్కువగా ఉంది. నేను చెడ్డదాన్నా?

కాదమ్మా. ఇరవై ఏళ్లు గేటు చప్పుడుకు ఉలిక్కిపడ్డ ఒళ్లు ఇప్పుడు కుదుటపడుతోంది. పెళ్లినాటి మనిషి కోసం ఏడుపు, చివరి ఏళ్ల మనిషి నుంచి ఊరట, రెండూ ఒకే రోజున రావచ్చు. రెండూ నిజమే. దీన్ని బంధువుల ముందు చెప్పలేకపోతే, తాగేవారి కుటుంబాల కోసమే అల్-అనాన్ అనే బృందం ఉంది, 1951 నుంచి నడుస్తోంది. దగ్గరలో ఎక్కడ కలుస్తారో ఏ.ఏ. సమావేశంలో అడిగితే చెబుతారు.

తండ్రి తాగి పోయాడు. ఇప్పుడు కొడుకు తాగుతున్నాడు. రక్తంలో ఉందా?

కొంత ఉంది. తాగుడుకు బానిసయ్యే స్వభావంలో సుమారు సగం వంశపారంపర్యంగా వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. మిగతా సగం చుట్టూ ఉన్నదాని వల్ల. ‘మీ నాన్న పోలికే’ అని తిట్టవద్దు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడికి తండ్రితో మిగిలిన బంధం అదొక్కటే అనిపిస్తే దాన్నే పట్టుకుంటాడు. తండ్రిలో మంచి ఏదైనా ఉంటే, ఈత నేర్పడమో, లెక్కలు చెప్పడమో, దాన్ని గుర్తుచేయండి.

ఆడవాళ్లు కూడా అడుగుతారా?

అడుగుతారు, చాలా ఆలస్యంగా. భర్తో బిడ్డో పోయాక రాత్రిళ్లు తలుపు వేసుకుని తాగినవారున్నారు. స్త్రీల శరీరంలో అదే మోతాదు మద్యం త్వరగా, ఎక్కువగా హాని చేస్తుంది. ఆసుపత్రిలో అదే విభాగం, అదే చికిత్స. ఆడ డాక్టరే కావాలంటే అడగండి.

అన్నంలో తెలియకుండా మాత్ర కలిపితే మానతాడట. నిజమా?

వద్దు. పసరు, నాటు మందు పేరుతో ఇచ్చేదాంట్లో ఏముందో తెలియదు. డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె వేగం పెరిగి, రక్తపోటు పడిపోతుంది. తెలియక తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాత్ర వేసుకునే మనిషికి అంతా తెలిసి, ఒప్పుకుని వేసుకోవాలి. అప్పుడు దగ్గు సిరప్పులతో, అరిష్టాలు, ఆసవాలు అనే ఆయుర్వేద మందులతో కూడా జాగ్రత్తగా ఉండాలి, వాటిలో మద్యం ఉంటుంది. తాగాలన్న కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మందులు కూడా ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది లివర్, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరు చెబుతారు.

ఏ.ఏ. అంటే ఏమిటి? దేవుణ్ణి నమ్మాలా?

ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో తాగుడుతో పాడైన ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు కలిసి మొదలుపెట్టారు. ఒక తాగుబోతు మాట ఇంకో తాగుబోతుకే ఎక్కుతుందని వాళ్లు కనిపెట్టారు. ఫీజు లేదు, పేరు అడగరు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. మన దగ్గర సమావేశాలు తెలుగులోనే జరుగుతాయి. కుర్చీలు, టీ, ఒకరి తరువాత ఒకరు తమ కథ చెప్పుకోవడం. ‘మీకు అర్థమైన రీతిలో దేవుడు’ అన్నదే అక్కడి మాట. దుర్గమ్మ అనేవారు, యేసయ్య అనేవారు, అల్లా అనేవారు, ఎవరినీ అననివారు పక్కపక్కనే కూర్చుంటారు. ఈ రోజుకు తాగకుండా ఉంటే చాలు అన్నది అక్కడ నేర్చుకునే మొదటి పాఠం. నాకు దుఃఖం విషయంలోనూ అదే పనికొచ్చింది. అమ్మ లేని మిగతా జీవితమంతా ఒకేసారి మోయలేను, అమ్మ లేని ఈ రోజును మోయగలను.

మళ్లీ తాగాను. అంతా పోయినట్టేనా?

పోలేదు. మానిన రోజులు శరీరానికి చేసిన మేలు మిగిలే ఉంటుంది. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఏ కబురు విన్నాక తాగారో డాక్టరుకు చెప్పండి. అయితే మళ్లీ రోజూ తాగడం మొదలై ఉంటే, ఈసారి కూడా సొంతంగా హఠాత్తుగా ఆపవద్దు.

పోయినవాళ్ల దగ్గరికే వెళ్లిపోవాలనిపిస్తోంది.

ఇప్పుడే 14416కి ఫోను చేయండి. లేదా పక్క గదిలో ఉన్న మనిషిని లేపి ఈ మాటే చెప్పండి. దుఃఖం, మద్యం కలిసినప్పుడు ఈ ఆలోచన బలంగా వస్తుంది, తాగి ఉన్నప్పుడు దానికి అడ్డు ఉండదు. ఇంట్లోవాళ్లకు చెబుతున్నాను: ఇలా అన్న మనిషిని ఒంటరిగా వదలవద్దు. మనది మిరప, పత్తి పండించే ప్రాంతం, ఇంట్లో పురుగుమందుల డబ్బాలుంటాయి. వాటిని ఈ రోజే ఇంట్లోంచి తీసి వేరేచోట తాళం వేయించండి. ‘ఊరికే అంటాడు’ అనుకోవద్దు.

ఈ దుఃఖం ఎంతకాలం ఉంటుంది?

గడువు లేదు. అయితే ఆరు నెలలు దాటి, కొందరు వైద్యుల లెక్కలో ఏడాది దాటి, రోజంతా అదే ధ్యాసతో పని, తిండి, మనుషులు అన్నీ ఆగిపోతే దానికి వేరే చికిత్స ఉంది. అడగండి.

సంవత్సరీకం దగ్గరపడుతోంది. భయంగా ఉంది.

భయం ఉండటం మంచిదే, ముందే తయారవుతారు. తాగుడు మానినవారికి మామూలు రోజుల కంటే కొన్ని తిథులు ప్రమాదం: మాసికాలు, సంవత్సరీకం, మహాలయ అమావాస్య, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునే పూట, క్రైస్తవులకు నవంబరు 2న సమాధుల పండుగ. క్యాలెండరులో వాటికి ఎర్ర గీత పెట్టుకోండి. ఆ వారమంతా సమావేశాలకు వెళ్లండి. ఆ రోజు ఎవరితో ఉంటారో ముందే మాట్లాడుకోండి. పని ఏదైనా మీ చేతిలో ఉంచుకోండి.

నేను మా అమ్మ తిథికి తెల్లవారకముందే బస్సెక్కి విజయవాడ వెళతాను. మా బృందంలో ఒక ఆటోనగర్ మెకానిక్కు ఉన్నాడు, అతనికి తండ్రి లేడు. ఇద్దరం ఘాట్‌లో స్నానం చేసి, పంతులుగారు చెప్పినట్టు తర్పణం వదులుతాము. మొదటి ఏడాది నాకు మంత్రం వెనక మాట పలకడం రాలేదు, పెద్దకర్మలో కూడా ఇవే మాటలు పలికి ఉంటాను కదా, ఒక్కటీ గుర్తు లేదు. ఇప్పుడు గోత్రం, అమ్మ పేరు, నాయనమ్మ పేరు, ఆమె అత్తగారి పేరు తడబడకుండా చెబుతున్నాను. నీళ్లు చల్లగా ఉంటాయి. తరువాత బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, అతను షెడ్డుకు వెళతాడు, నేను గుంటూరు బస్సెక్కుతాను.